ఐదో శనివారం

తీగ తగిలించలేదు అంటుంది ఈ కంప్యూటర్. తగిలించాను తల్లీ, నా చేత్తో నేనే తగిలించాను, ఒక కొస నీ వీపులో ఉంది, రెండో కొస రౌటర్ నోట్లో ఉంది, మధ్యలో పసుపు తీగ బల్లకాలిని చుట్టుకుని నిక్షేపంలా కనబడుతూనే ఉంది, అయినా తెర మీద కింది మూలన ఎర్రటి ఇంటూ గుర్తు, దాన్ని నొక్కితే మళ్ళీ అదే మాట, తీగ తగిలించలేదు. ముప్పై ఏళ్ళకు పైగా రేడియోలు విప్పుతున్నదాన్ని, మా ఎల్ ఆల్తో ఊరి సంతలో గురువారం ఆదివారం నా బల్ల ముందు టోపీలు తీసి నిలబడే మగవాళ్ళున్నారు, నాకు చెబుతుందా ఇది. గోడ గడియారంలో పదీ ఐదు. పదకొండింటికి ఒతీలియా అక్క కొచబాంబా ఆస్పత్రి మంచం మీద నుంచి ఈ కంప్యూటర్‌కి ఫోన్ చేస్తుంది. ఒంటిగంటకి ఆమె స్వరపేటిక కోసి తీసేస్తారు. రాచపుండు అంతవరకూ పాకిందట. ఆ తరువాత బతుకుతుంది, తింటుంది, నవ్వుతుంది కూడా అన్నాడు డాక్టరు, గొంతు మాత్రం ఉండదు. గని రేడియోలో వార్తలు చదివిన గొంతు, ఆపైన ముప్పై ఏళ్ళు బస్ స్టేషన్ మైకులో ఊళ్ళ పేర్లు చదివిన గొంతు. వస్తానక్కా, పక్కనే ఉంటాను అంటే వద్దంది. "నాకు మాట పోయాక రా, శుక్రవారం రా. అప్పుడు వాదనలో ఎప్పుడూ నువ్వే గెలుస్తావు." అలా అని నవ్వింది, నవ్వుతూ దగ్గింది. సరే, ఇంకా యాభై ఐదు నిమిషాలుంది. కంగారు పడకు కాసీ. కంగారులో విప్పిన మర మంచం కిందికే దొర్లుతుంది.

సగం చెయ్యి, అనేవాడు దోన్ ఎవారిస్తో, గని రేడియోలో యంత్రాలు చూసుకునే ముసలాయన. పెట్టె మొత్తాన్ని అనుమానిస్తే పిచ్చెక్కుతుంది పిల్లా, నడిమధ్యన నిలబడి అటు ప్రాణం ఉందా, ఇటు ప్రాణం ఉందా చూడు, ప్రాణం లేని సగాన్ని మళ్ళీ సగం చెయ్యి, చివరికి తప్పు నీ బొటనవేలంత జాగాలో నక్కి దొరుకుతుంది. మరి ఇక్కడ నడిమధ్య ఏది? అటు వీధి స్తంభం, తీగ, రౌటర్. ఇటు కంప్యూటర్. రౌటర్‌ని చూస్తే నవ్వొస్తోంది, పెళ్ళికూతురిలా ఉంది, మెడ చుట్టూ రంగు కాగితపు చుట్టలు, నెత్తిన ఎండిన పూరేకులు, దగ్గరికెళ్తే సారాయి వాసన. నిన్న కార్నివాల్ మంగళవారం, చాల్యా పూజ కదా. ఇంటి నాలుగు మూలలా, కుట్టుమిషనుకీ, పొయ్యికీ, నా మీటర్‌కీ, సోల్డరింగు కడ్డీకీ, ఏడాది పొడుగునా అన్నం పెట్టిన ప్రతి వస్తువుకీ సారాయి చిలకరించి, పూలూ రంగు కాగితం ముక్కలూ చల్లి, నేలతల్లి పచమామకి ఆమె వాటా ఆమెకి పోసి, మిగిలింది మనం తాగి, టపాకాయలు కాల్చి, పక్కింటి వాళ్ళతో నీళ్ళ బుడగలు విసురుకున్నాం. ఆ బుడగల్లో ఒకటి నా జేబుకే తగలాలా. ఫోను తడిసి చచ్చింది, ఇప్పుడు వంటింట్లో గిన్నెడు కీన్వా గింజల్లో తల వరకూ కూరుకుని ఉంది, పొద్దున తీసి చూస్తే ఇంకా కళ్ళు తెరవలేదు. అక్క నంబరు అందులోనే మునిగింది. మా అమ్మాయి నంబరూ అందులోనే. ఒకప్పుడు ఊరందరి ఇంటి గుర్తులూ నోటికొచ్చేవి, ఇప్పుడు సొంత నంబరే చూసి చెప్పాలి. కాబట్టి ఇక ఈ కంప్యూటరే దిక్కు. దీనికేమో గాలిలోంచి పట్టుకునే తెలివి లేదు, పాతది, తీగ ఉండాల్సిందే.

ముందు రౌటర్ ఆపుదాం. ఆపి ముప్పై లెక్కపెట్టి మళ్ళీ వేద్దాం. ఎందుకు ముప్పై అని ఎవరైనా ఆలోచించారా, ఫోన్ కంపెనీ మనిషి ముప్పై అంటాడు, కారణం అడిగితే అమ్మా అదంతే అంటాడు. లోపల బుడ్డి బుడ్డి కెపాసిటర్లు ఉంటాయి, వాటిలో దాచుకున్న కరెంటు పూర్తిగా కారిపోవాలి, లేకపోతే పాత తప్పునే జ్ఞాపకం పెట్టుకుని లేస్తుంది. మనిషికి మాత్రం ఎన్ని లెక్కపెట్టినా కారదు. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై. వెలిగింది. మొదటి దీపం పచ్చన, రెండోది మినుకు మినుకుమని పచ్చన, మూడోది పచ్చన. నాలుగోది, ఇంటి తీగల దీపం, చీకటి. పక్క రంధ్రానికి మార్చాను. చీకటి. మూడో రంధ్రం, చీకటే. ఇలా దీపాల ముందు కళ్ళు కాయలు కాచేలా కూర్చోవడం నాకు కొత్త కాదు. గని శిబిరంలో మా రేడియోకి ఒకే దీపం ఉండేది, నారింజ రంగుది, బ్యాటరీలు నీరసించిన కొద్దీ చిక్కిపోయేది, బ్యాటరీలు తీసి ఎండలో ఆరబెడితే ఇంకో గంట బతికేది. ఎండలో కరెంటు ఎలా ఊరుతుందో అప్పుడు అర్థమయ్యేది కాదు, అమ్మనడిగితే సూర్యుడు పెట్టాడు తిను అనేది. కాలం తెలిపేది మాత్రం రేడియో కాదు, గని కూత. పొద్దున ఆరింటికి, రెండింటికి, సాయంత్రం ఆరింటికి, రాత్రి పదింటికి. ఆ కూతకే లేచేవాళ్ళం, ఆ కూతకే చారు దింపేవాళ్ళం, శిబిరంలో ఒక్క ఇంట్లో గడియారం ఉంటే ఒట్టు. గని మూసేశాక కూత ఆగిపోయింది. ఎనభై ఆరు చలికాలం. జనం నిద్రలేవడం మరిచిపోయారు, వండితే మధ్యాహ్నం వంట సాయంత్రానికి అయ్యేది, అమ్మ కిటికీలోంచి కొండ నీడను చూసి తిట్టేది. మనుషులు లారీలెక్కి వెళ్ళిపోతున్నారు, కుటుంబం తరువాత కుటుంబం, తలుపులు ఊడదీసి వాటిని కూడా లారీల్లో వేసుకుని.

ఎలోయ్ కూడా అలాగే వెళ్ళాడు, గురువారం లారీలో. గనిలో రాయి తొలిచే పని, చేతులు ఎప్పుడూ వణుకుతూ ఉండేవి, నా పక్కన కూర్చుంటే మాత్రం వణికేవి కావు. అడవి అంచున భూములిస్తున్నారు, జాగా దొరికితే కబురు పెడతాను, వచ్చెయ్యి అన్నాడు. ఉత్తరాలు లేవు, ఫోన్లు లేవు, కబురంటే రేడియోనే. శనివారం సాయంత్రం ఆరింటికి అక్క సందేశాలు చదివేది. ఫలానా ఊళ్ళో ఫలానా ఆమెకు తెలియజేయునది ఏమనగా, మీ ఆయన జ్వరం తగ్గింది, గాడిదను అమ్మవద్దు. కొండల్లో ఉన్న ప్రతి రేడియో ఆ గంట తెరుచుకుని ఉండేది, పక్కవాళ్ళ సందేశాలు వినడం కోసమైనా సరే. అమ్మకి తెలియకూడదు కనుక ఎలోయ్, నేను ఒక మాట అనుకున్నాం. చున్యో బాగా ఎండింది, గురువారం లారీకి పంపండి. అంటే నేను రావాలి, గురువారం లారీ ఎక్కాలి. ఎండిన దుంపల గురించి సందేశం వింటే ఎవరికి అనుమానం వస్తుంది, అవి ఎండబెట్టని ఇల్లు లేదు కదా. ఈ గుట్టు అక్కకొక్కదానికే చెప్పాను. ఆరు శనివారాలు విన్నాను. రాలేదు. ముప్పై తొమ్మిదేళ్ళు. సందేశం ఎలోయ్ పంపలేదా? పంపితే దారిలో పోయిందా? లేక అక్క చేతిలోకొచ్చి అక్క గొంతులో ఆగిపోయిందా, అమ్మ దగ్గుతోంది, కాసీ వెళ్ళిపోతే ఎవరు చూస్తారు అని? ఇదీ సగం చెయ్యాల్సిన లెక్కే. కానీ మధ్యలో ఉన్నది అక్క. అక్కకి మీటర్ పెట్టి చూడలేను కదా. మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నాం, చారులో ఉప్పు గురించి, అల్లుళ్ళ గురించి, ఇన్నేళ్ళలో ఇదొక్కటే అడగలేదు. ఇవాళ అడగాలి. ఇవాళ కాకపోతే ఆ గొంతు నుంచి జవాబు ఎప్పటికీ రాదు. అడగడమా, ఆ కాస్త గొంతునీ తనకిష్టమైన మాటలకి వదిలెయ్యడమా? అడిగితే కోర్టు మెట్లెక్కించినట్టు ఉండదూ?

"ఏం కొమాద్రే, పండగ మర్నాడు కూడా బల్ల కింద దూరావా?" ఉబాల్డా. తలుపు తట్టే అలవాటు లేదు, చేతిలో ఊదారంగు మొక్కజొన్న జావ, పొగలు కక్కుతోంది, నుదుటి మీద అప్పుడే చర్చిలో పెట్టించుకున్న బూడిద. గోడకి అవతల ఇల్లు ఈమెది. మా అమ్మాయి మొదటి జుట్టు కత్తిరించింది ఈమే, అప్పటినుంచీ ఒకరికొకరం కొమాద్రేలం, చుట్టరికం కలుపుకున్నట్టే.

"నెట్ రావటం లేదు," అన్నాను బల్ల కింద నుంచే.

"అదేంటి, మా ఇంట్లో భేషుగ్గా వస్తోంది! పొద్దుట్నుంచీ ఫోన్లో ఒరూరో కార్నివాల్ ఊరేగింపు చూస్తూ కూర్చున్నా."

"మీ ఇంట్లో వచ్చేది నా నెట్టే కదే."

"అదే చెబుతున్నా, బాగానే వస్తోంది అని. చెప్పినందుకు నాకు దండం పెట్టుకో." జావ బల్ల మీద పెట్టింది. "నేలతల్లికి తక్కువ పోసుంటావు. నిన్న చెప్పానా లేదా, ఆ సీసా అడుగున దాచుకోకు అని."

"ఎక్కువే పోశాను తల్లీ. ఆ పీనాసితనం నీది."

"అయితే నా ఫోన్లో మాట్లాడు మీ అక్కతో. నంబరు చెప్పు."

"నంబరు కీన్వాలో ఉంది."

ఉబాల్డా పడీ పడీ నవ్వింది, తరువాత నా మొహం చూసి ఆపేసింది. "జావ తాగు. చల్లారితే పిండి ముద్ద అవుతుంది," అని భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది. ఆమెకి తెలియదు కానీ సగం పని చేసిపెట్టి వెళ్ళింది. ఆమె ఫోన్లో ఊరేగింపు ఆడుతోందంటే వీధి స్తంభానికి ప్రాణం ఉంది, అక్కణ్ణుంచి వచ్చే తీగకి ప్రాణం ఉంది, రౌటర్‌కీ ప్రాణం ఉంది. పూలదండ వేసుకున్న పెళ్ళికూతురు నిర్దోషి. ఇక మిగిలినవి పసుపు తీగ, కంప్యూటర్. పదీ ఇరవై ఐదు.

తీగ రెండు కొసలూ పీకాను. లోపల ఎనిమిది సన్న తీగలుంటాయి, జంటలు జంటలుగా మెలి తిరిగి, ఎందుకు మెలి అని పుస్తకం చూసి నేర్చుకున్నాను, ఒకదాని రొద ఇంకొకటి మింగేయడానికట, మంచి కాపురం లాంటి ఏర్పాటు, నాకూ మా ఆయన సెవేరోకీ అలాగే ఉండేది, ఆయన గొణిగితే నేను పాడేదాన్ని. తొమ్మిదేళ్ళయింది పోయి. మంచివాడు. మీటర్ సూదులు కొసలకి ఆనించాను. ఒకటి, కీచుమంది. రెండు, కీచుమంది. లెక్కపెడుతుంటే శనివారాలు గుర్తొస్తున్నాయి, ఆరింటినీ ఇలాగే ఒక్కొక్కటే తాకి చూసుకునే అలవాటు నాకు, నిద్రపట్టనప్పుడు. మొదటి శనివారం, ఎవరిదో కంచరగాడిద తప్పిపోయిందని చదివింది అక్క, ఎలోయ్ అప్పటికి ఇంకా దారిలోనే ఉండుంటాడు, అయినా విన్నాను. రెండో శనివారం, అమ్మ దగ్గు మొదలైంది, దగ్గుకీ దగ్గుకీ మధ్య రేడియో విన్నాను. మూడు, బ్యాటరీలు చచ్చిపోతున్నాయి, రేడియోని చెవికి ఆనించుకుని పడుకున్నాను, చెక్క వేడిగా తగిలింది. నాలుగు, కోపా వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి కుక్కని వదిలేసి పోయారు, అది గుమ్మంలో కూర్చుని ఒకటే ఏడుపు, దాన్ని తిట్టుకుంటూ విన్నాను. ఐదు. ఐదోది ఎప్పుడూ ఇలాగే జారిపోతుంది. ఆరోది బాగా గుర్తు, రేడియో స్టేషన్‌కి అదే ఆఖరి రోజు, తమ జీతంలో కొంత ఇచ్చి నడిపించే గని కార్మికులే లేకపోతే రేడియో ఎవరిది, అక్క గాలిలోనే ఏడ్చింది, శ్రోతలారా ఇక సెలవు అంటూ. ఐదోది ఏమై ఉంటుంది, ఏమీ జరగని రోజు అయ్యుంటుంది, ఏమీ జరగని రోజులే మరిచిపోతాం. ఏడు, కీచుమంది. ఎనిమిది, కీచుమంది. తీగ కూడా నిర్దోషి.

ఆ చలికాలంలో నాకు మిగిలిన మంచి జ్ఞాపకం ఒక్కటే. రేడియో ముల్లు కదలడం మానేసింది. చక్రం తిప్పితే గిర్రున తిరుగుతుంది, ముల్లు మాత్రం ఉన్నచోటే. స్టేషన్ దొరకదు, వట్టి హోరు. మామూలుగా అయితే దోన్ ఎవారిస్తో దగ్గరికి పరిగెత్తేదాన్ని, ఆ రోజు ఏమైందో, తెలుసుకోవాలనిపించింది, చక్రం ఇక్కడుంటే ముల్లు అక్కడుంటే మధ్యలో ఏముంది అని. కత్తి కొసతో మరలు విప్పాను. మంచం మీద అమ్మ శాలువా పరిచి మరలన్నీ విప్పిన వరసలో పెట్టాను. లోపల ఎంత అందంగా ఉందో! ఎర్ర గీతలు, ఆకుపచ్చ గీతలు, రాగి చుట్టలు, దుమ్ము కూడా అందంగానే ఉంది. మధ్యలో నాలుగు బుల్లి కప్పీల మీదుగా పోయే సన్నటి దారం, అదే తెగింది. ఇంతేనా అనుకున్నాను. దారం కోసం అమ్మ మగ్గం దగ్గర లామా ఉన్ని పోగు లాగాను, కప్పీల చుట్టూ తిప్పితే జారింది, ఇంకోలా తిప్పితే ముల్లు తలకిందులుగా నడిచింది, పడీ పడీ నవ్వాను, ఒక్కదాన్నే. తినలేదు, తాగలేదు, పొయ్యిలో నిప్పు ఆరింది. చివరికి పోగుకి రెండు మెలికలేసి మైనం రాసి బిగిస్తే ముల్లు కదిలింది, ఈ కొస నుంచి ఆ కొసకి, నడిచింది. రేడియో మాట్లాడింది. మొదట ఒక బూట్ల కొట్టు ప్రకటన, వెంటనే చరాంగో తంత్రుల పాట. అది ఏ రోజో గుర్తు లేదు, శనివారం మాత్రం కాదు, శనివారమైతే ఆరింటికి రేడియోకి అతుక్కుని ఉండేదాన్ని కదా. కాసేపటికి అక్క రొప్పుతూ ఇంటికొచ్చింది, చూడవే అక్కా అని ముల్లు అటూ ఇటూ పరిగెత్తించాను, నా మొహం వెలిగిపోతూ ఉండాలి. అక్క నన్ను చూసి, ఒక్క మాట మాట్లాడకుండా వాటేసుకుని ఏడ్చింది. దారం కట్టినందుకు అంత ఏడుపు ఎందుకో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. చెల్లెలు ప్రయోజకురాలైందని మురిసిపోయిందేమో. ఈ పని, ఈ బతుకు, సంతలో బల్ల, అన్నీ ఆ లామా ఉన్ని పోగుకి వేలాడి వచ్చినవే.

పదీ నలభై. మిగిలింది కంప్యూటర్. సగం అనుమానించి సగం వదిలేసి ఇంతసేపు పెళ్ళికూతురి చుట్టూ తిరిగాను. మళ్ళీ తీగ కొసని దాని వీపులో గుచ్చాను, ఈసారి చెవితో విన్నాను. దూరింది. కానీ టిక్కు అనలేదు. రౌటర్ దగ్గర టిక్కు అంటుంది, ఇక్కడ మెత్తగా ఆగింది. ఓహో. పెట్టెని ముందుకి లాగి, వీపు నా వైపు తిప్పి, లైటు దించి, రంధ్రంలోకి చూశాను. నిన్నటి సంగతి అప్పుడు కళ్ళకి కట్టింది. చాల్యా రోజు పనిముట్లకు సెలవు, కట్టేసిన గొడ్డుకి పండగేంటి అని ఉబాల్డాయే అంది, నేనే తీగ పీకేశాను. వీపు పైకి వచ్చేలా దీన్ని బల్ల మీద పడుకోబెట్టాను, అన్ని రంధ్రాలూ ఆకాశం వైపు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. సారాయి చిలకరించాను. ఇంటికి ఒక గుప్పెడు రంగుముక్కలు, మిషనుకి ఒక గుప్పెడు, దీనికి మాత్రం రెండు గుప్పెళ్ళు, ఎందుకంటే అక్క గొంతు ఇందులోంచే రావాలి, పచమామా, ఆ గొంతుని చల్లగా చూడు తల్లీ, అని మొక్కుతూ మరీ చల్లాను. ఇప్పుడు రంధ్రం లోపలి ఎనిమిది బంగారు పళ్ళ మీద ఒక గులాబి కాగితపు బిళ్ళ, సారాయికి తడిసి, ఎండి, పెంకులా అతుక్కుని కూర్చుంది. దాని కింద ఇంకొకటి, పచ్చది. నా మొక్కే నాకు అడ్డం పడింది. కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. రాత్రంతా దీని నోట్లో రెండు గుప్పెళ్ళ ప్రార్థన కుక్కి పెట్టి, పొద్దున లేచి మాట్లాడవేం అంటే ఎలా మాట్లాడుతుంది?

కంప్యూటర్ ఆపాను. శాలువా పిన్ను తీశాను, అమ్మది, వెండిది, కొస ఇంకా సూదిలాగే ఉంది. పళ్ళు వంగకూడదు, ఒక్క పన్ను వంగినా అంతే సంగతులు. ఊపిరి బిగబట్టి అంచు కింద దూర్చాను. గులాబి బిళ్ళ సగం చిరిగి వచ్చింది. మిగతా సగం. గడియారం వైపు చూడకు. పచ్చది మొత్తంగా ఊడింది, పిన్ను కొసన జెండాలా నిలబడింది. పాత పళ్ళుతోముకునే బ్రష్షు మీద అడుగున దాచిన సారాయి రెండు చుక్కలు, అవును ఉబాల్డా, దాచాను, దాంతో తుడిచాను. ఆరనిచ్చాను, ముప్పై లెక్కపెట్టాను. తీగ. టిక్కు. రౌటర్ మీద నాలుగో దీపం ఒకసారి ఆలోచించి, వెలిగింది. కంప్యూటర్ లేవడానికి దాని ముసలితనమంత సేపు తీసుకుంది. ఎర్ర గుర్తు లేదు. పదకొండూ మూడు. పదకొండూ నాలుగు. అక్క చేసి, నేను లేననుకుని పెట్టేసిందా? ఈ భయం నాకు పాతదే. పదకొండూ ఆరుకి మోగింది.

తెర నిండా ఒతీలియా అక్క. జడలు విప్పేశారు, ఆస్పత్రి నీలం గౌను, ముక్కులో గొట్టం. "ఐదోసారి చేస్తున్నా. ఎక్కడ చచ్చావే?" గొంతు బొంగురుపోయి, కింద గరగరమంటోంది, అయినా అదే గొంతు, ప్రతి మాటా కొస వరకూ పలికే గొంతు.

"చాల్యా ముక్కలు అడ్డం పడ్డాయక్కా. నేనే చల్లాను."

"నువ్వే చల్లి ఉంటావు, ఇంకెవరు?" నవ్వింది. నర్సు పక్కన ఏదో అంది, అక్క వేళ్ళతో పది చూపించింది, పది నిమిషాలు. నేను అడగను అని ఆ క్షణాన నిశ్చయించుకున్నాను. తనకేం కావాలంటే అది మాట్లాడనీ. పొద్దున ఏం తిన్నావు అని అడగబోయాను.

"కాసీ, ఒకటి అడుగుతాను, కోప్పడకు. ఇప్పుడు అడక్కపోతే రేపట్నుంచి చీటీ రాసి అడగాలి, నా రాత నీకు తెలుసుగా." ఊపిరి తీసుకుంది. "ఆ గురువారం నువ్వు లారీ ఎందుకు ఎక్కలేదే?"

"ఏ గురువారం?"

"ఏ గురువారం ఏంటి. ఎలోయ్ సందేశం వచ్చిన వారం. రెండుసార్లే చదవాలి, అది మా నియమం. నీ కోసం మూడుసార్లు చదివాను. దోన్ ఎవారిస్తో స్టూడియో అద్దం అవతల నుంచి నన్ను గుడ్లురిమి చూశాడు. చరాంగో పాట పెట్టేసి పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చాను. నువ్వు మంచం నిండా మరలు పరుచుకుని కూర్చున్నావు, మొహం చూస్తే దీపం పెట్టినట్టుంది. వినేసింది, వెళ్ళిపోతుంది అనుకున్నాను. పక్క గదిలో అమ్మ ఉంది, ఏం అడుగుతాను, వాటేసుకుని ఏడ్చాను. తీరా గురువారం నువ్వు వెళ్ళలేదు. అమ్మ దగ్గు కోసం ఆగిపోయావని అనుకున్నా. అంత చేసిన మనిషిని ఎందుకు చేశావని ఎలా అడగను చెప్పు? ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకున్నా, మా కాసీ బంగారం అని."

నాకెప్పుడూ జారిపోయే ఆ శనివారం. ఐదు. ఏమీ జరగని రోజు అనుకున్నాను. కూత లేదు, గడియారం లేదు, పొద్దువాలింది కూడా చూడలేదు, దారం కప్పీల మీద నడుస్తుంటే సాయంత్రం ఆరింటి వేళ నా తల మీదుగా వెళ్ళిపోయింది. ఆ చరాంగో పాట సందేశాల తరువాతిది. గురువారం అడవి అంచున ఎక్కడో లారీ ఆగి ఉంటుంది, అందరూ దిగి ఉంటారు, వణికే చేతుల మనిషొకడు ఆఖరి మూట దిగేదాకా చూసి ఉంటాడు. నేనేమో ఇక్కడ, ముప్పై తొమ్మిదేళ్ళు, ఈ గొంతుని అనుమానించాను.

"నేను వినలేదక్కా," అన్నాను. "రేడియో విప్పి ఉంది. దారం తెగితే కడుతున్నాను. అది శనివారమని కూడా మరిచిపోయాను."

అక్క కళ్ళార్పకుండా చూసింది. బొమ్మ ఆగిపోయిందేమో అనుకున్నాను, నాలుగో దీపం వైపు చూశాను, వెలుగుతోంది. "అయితే," అంది మెల్లగా, "ఇన్నేళ్ళూ సందేశం నేను మింగేశాననుకున్నావా?"

"అవును."

"ఓసి దొంగమొహమా!" అంది, అని నవ్వింది, నవ్వుకి దగ్గొచ్చింది, దగ్గులోనూ నవ్వింది, నర్సు నీళ్ళందిస్తే తోసేసింది. నేనూ నవ్వాను, ఏడ్చాను, రెండూ ఒకేసారి వస్తే ఆపడం ఎలాగో నాకు తెలియదు. అమ్మ శాలువా పిన్ను ఇంకా చేతిలోనే ఉంది. నేను లారీ ఎక్కి ఉంటే అడవి అంచున ఏ నారింజ తోటలోనో ఉండేదాన్నేమో, సెవేరో ఉండడు, మా అమ్మాయి ఉండదు. ఎక్కలేదనే బాధా, ఉన్నదేదీ పోలేదనే సంతోషమూ. కానీ వచ్చింది కదా. పంపాడు కదా. అదే గింగిరాలు తిరుగుతోంది బుర్రలో, పంపాడు, దారిలో పోలేదు, అక్క మింగలేదు, నా గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

"ఇంకా మూడు నిమిషాలుంది," అంది అక్క కళ్ళు తుడుచుకుని. "సందేశం నాకు నోటికొచ్చు. చదవనా? రికార్డు నొక్కావా?"

"నొక్కాను."

"చూసుకో. నీ సంగతి నాకు తెలుసు."

చూశాను. నొక్కలేదు. నొక్కాను, ఎర్ర చుక్క వెలిగింది, ఇంకోసారి చూశాను, వెలుగుతూనే ఉంది. అక్క దిండు సరిచేసుకుని నిటారుగా కూర్చుంది, గొంతు సవరించుకుంది, ముక్కులో గొట్టం పక్కకి జరుపుకుంది. ఎదురుగా మైకు ఉన్నట్టే గడ్డం కొంచెం ఎత్తింది.

"గని శిబిరం, మూడో వీధిలో ఉన్న కసిమిరా వాల్పాకు తెలియజేయునది ఏమనగా. చున్యో బాగా ఎండింది. గురువారం లారీకి పంపండి. ఇట్లు, ఎలోయ్." ఒక్క క్షణం ఆగింది, అప్పట్లో ఆగినంతే. "మరోసారి చదువుతున్నాను."

చదివింది. నేను ఏ తీగనీ ముట్టుకోలేదు, ఏ మరనీ తిప్పలేదు, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తలుపు దగ్గర నర్సు చక్రాల మంచం తెచ్చి నిలబెట్టింది. అక్క ఆమె వైపు చూడలేదు. ఊపిరి పీల్చుకుని, నియమాన్ని పక్కన పెట్టి, మూడోసారి మొదలుపెట్టింది.

"విన్నానక్కా," అన్నాను.